వంతెన కింది నీళ్లు

జూన్ 13

తమ్ముడికి ఆశీస్సులు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్‌లో మనిద్దరం మూడో నిమిషానికల్లా పోట్లాటకి దిగుతాం. కాగితం మీదైతే నేను కాస్త మర్యాదస్తురాలిని.

ఈ ఏడాది నాకు ఐదో తరగతి ఇచ్చారు. ఇరవై రెండు మంది. మొదటిరోజు నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయని అడిగితే ఇరవై ఒక్కరు "కొళాయిలోంచి" అన్నారు. ఒక్క పిల్ల మాత్రం కాసేపు ఆలోచించి "మోటారులోంచి" అంది. బక్కపలచని పిల్ల, అందరూ పిచ్చుక అని పిలుస్తారు, వాళ్లమ్మ కుట్టుపని చేస్తుంది. వీళ్ల ప్రహరీగోడకి పాతిక అడుగుల్లో వాగు పారుతోంది. దాని మొహం చూసినవాళ్లు లేరు. మధ్యాహ్నం తిన్న పొట్లాల కాగితాలు మాత్రం గోడ మీంచి అందులోకే విసురుతారు.

డ్రాయింగు మాస్టారు వెళ్లిపోయాక శుక్రవారం ఆఖరి గంట ఖాళీగా ఉంటోంది. అది నేను పుచ్చుకున్నాను. దాని పేరు ధన్యవాదాల గంట. నియమం ఒకటే. ప్రతి పిల్లా తనకి ఉపయోగపడినదాన్ని ఒకదాన్ని పేరు పెట్టి పిలిచి థాంక్స్ చెప్పాలి, తర్వాత దానికో పని చేసిపెట్టాలి. ఉత్తి మాట చెల్లదు. నీడకి థాంక్స్ చెప్పినవాడు చెట్టుకి నీళ్లు పోయాలి. అలాగన్నమాట.

హెడ్మాస్టారు నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందని నేనూ ఊరుకున్నాను. అయితే వాగులోకి దిగాలంటే మాత్రం నీళ్లు మంచివని ఏదో ఒక కాగితం చూపించాల్సిందే అన్నారు. ఆ మాట న్యాయమే. ఆ కాగితమిచ్చే ఆఫీసులో నాకో తమ్ముడున్నాడని పాపం ఆయనకి తెలియదు.

వాగు నీళ్ల సీసా బస్సు డ్రైవరుతో పంపుతున్నాను. అది నింపడానికి పొద్దుటంతా పట్టింది. మీ బావ మోకాళ్లు పట్టుకుని నిన్నూ నన్నూ కలిపి తిట్టారు. మరదలికి నా ఆశీస్సులు చెప్పు.

అక్క


జూన్ 25

అక్కా,

సీసా క్షేమంగా చేరింది. మూతకి నువ్వు చుట్టిన గుడ్డా, గుడ్డకి చుట్టిన దారమూ, దారానికి వేసిన మూడు ముళ్లూ విప్పడానికి పరీక్ష కంటే ఎక్కువసేపు పట్టింది. మా లాబ్‌లో అందరూ పండగ చేసుకున్నారు.

రిపోర్టు ఇందులో పెట్టాను. వాగు నీళ్లు ఇంత శుభ్రంగా ఉండడం నా పంతొమ్మిదేళ్ల సర్వీసులో చూడలేదు. పక్క బల్ల ఆయన "ఇవి మీ అక్కగారి వంటింటి నీళ్లేమో చూసుకోండి" అని ఎగతాళి చేశాడు. అక్క అలాంటిది కాదు, అబద్ధం చెప్పాల్సొస్తే ముందు తనే నవ్వేస్తుంది అన్నాను.

సీసాతో ఫారం రాలేదు. నీకిలాంటివి పట్టవని తెలుసు కాబట్టి నేనే నింపేశాను. సంతకం, ముద్ర అన్నీ సక్రమంగా ఉన్నాయి. మీ హెడ్మాస్టారి బల్ల మీద పెట్టు.

థాంక్స్ చెబితే పిల్లలు బాగుపడతారన్న నమ్మకం నాకు లేదు. మనింట్లో నాన్న రోజూ చెప్పించేవారు, నేను బాగుపడ్డానా? కానీ ఇరవై రెండు మంది సెల్‌ఫోను వదిలి గంటసేపు బయట నిలబడితే అదే పదివేలు.

తమ్ముడు


జూలై 21

తమ్ముడికి ఆశీస్సులు.

నీ రిపోర్టుకి పటం కట్టించి తరగతి గోడకి తగిలించాను. పిల్లలు లోపలికి వస్తూ దాన్ని చూస్తారు. వాళ్లకి అర్థమయ్యేది అడుగునున్న ఒక్క ముక్కే: "వాడకానికి యోగ్యం". పిచ్చుక దాన్ని గట్టిగా చదివి వినిపిస్తుంది.

ఇప్పటికి నాలుగు శుక్రవారాలు దిగాం. మోకాళ్లలోతు నీళ్లు. వంతెన కింద ఏళ్లతరబడి పేరుకున్న చెత్తంతా చేతులతో తీశారు. పన్నెండు బస్తాలు, రెండు టైర్లు, ఒక కుర్చీ, ఎవరిదో పళ్లసెట్టు. ఆ పళ్లసెట్టు మీదేనని మీ బావని ఏడిపిస్తే రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. చేతులకి తొడుగులు కావాలని ఒక తల్లి అడిగింది. వద్దన్నాను. ముట్టుకోనిదాని మీద ప్రేమ ఎక్కణ్ణించి వస్తుంది? బురదంటే ముక్కు మూసుకున్న పిల్లలు ఇప్పుడు గోళ్లలో మట్టి చూపించుకుని మురుస్తున్నారు.

పిచ్చుక వంతెన కింది మలుపుని తన వంతు చేసుకుంది. సెలవురోజుల్లో కూడా వెళ్లి కూర్చుంటుందట. ఇదివరకు ఎవరితోనూ మాట్లాడని పిల్ల. నేను చూస్తుండగా నీళ్లలో చేతులు పెట్టి, "ఈ వారం కూడా ఆగకుండా వచ్చినందుకు థాంక్స్" అంది. నాకు కళ్లు చెమర్చాయి. ముప్పై ఒక్కేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఒక్క పాఠం పిల్ల లోపలికి దిగడం కళ్లారా చూశాను.

ఒక్కోరోజు అక్కడ నీళ్లు పసుపుపచ్చగా మెరుస్తాయి. పిల్లలు ఆ రోజుకి బంగారు రోజని పేరు పెట్టారు. ఎండ పడే తీరు అనుకుంటాను.

వంతెనకి కాస్త పైన ఎండాకాలంలో కొత్తగా ఒక షెడ్డు వచ్చింది. ఇనప సామాన్లకి వెండిలా మెరిసే పూత వేస్తారు. ఆ షెడ్డాయన మా పని చూసి ముచ్చటపడి బకెట్లు, టోపీలు ఇచ్చాడు. పిల్లలందరిచేతా ఆయనకి కృతజ్ఞతాపత్రం రాయించాను. గుర్తుగా ఉంటుందని ఆయన నీ రిపోర్టు నకలొకటి అడిగితే ఇచ్చాను. పిల్లలు నీకూ ఒక ఉత్తరం రాశారు, ఇందులో ఉంది. నీళ్ల మావయ్య అంటే నువ్వే.

అక్క


ఆగస్టు 4

అక్కా,

నీళ్ల మావయ్యకి ఉత్తరం అందింది. ఇరవై రెండు సంతకాలు, ఒకటి తలకిందులుగా. నా బల్ల అద్దం కింద పెట్టాను. పొద్దున్నించి సాయంత్రం దాకా "యోగ్యం కాదు, యోగ్యం కాదు" అని రాసే చేతికి ఒక్కసారి యోగ్యం అని రాసే అదృష్టం పట్టింది. దాని వల్ల ఇంత జరుగుతుందనుకోలేదు.

నీ మరదలు ఆ ఉత్తరం చదివి, "మీకంటే మీ అక్కగారికే ఉద్యోగం చేయడం వచ్చు" అంది. ఒప్పుకున్నాను. వెక్కిరింతలు మానేశాను, కొనసాగించు.

తమ్ముడు


ఆగస్టు 23

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు మానేసిన వెక్కిరింతలు ఇక్కడ అందరూ పంచుకున్నారు. పిల్లల చేతులకి దురదలు. ఏడుగురికి కాళ్ల మీద ఎర్రటి మచ్చలు. ఆరోగ్యకేంద్రం నర్సు చూసి గజ్జి అంది, పక్కబట్టలు ఉడకబెట్టుకోమంది. ఆ మాట తల్లులకి చెప్పే పని నా మీద పడింది. ఎవరికి కోపం రాదు? "మా ఇంట్లో శుభ్రం లేదంటారా?" అని పిచ్చుక వాళ్లమ్మ నా మొహం మీదే అడిగింది. పాపం ఆ ఇంట్లో గుడ్డముక్క కూడా మడత పెట్టి ఉంటుంది. అయినా నేను సర్దిచెప్పి పంపాను.

పిచ్చుకకి అందరికంటే ఎక్కువ. వేళ్ల కణుపుల మీద గుండ్రటి చిన్న గుంటలు పడ్డాయి, పెన్సిలు మొనతో తొలిచినట్టు. నొప్పి లేదంటుంది. నొప్పి లేని పుండు నేనెప్పుడూ చూడలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని తిరుగుతోంది. ఎందుకే దాస్తావంటే, "వాగు వల్లనే అంటారు టీచర్, దాన్ని తిడతారు" అంది.

ఆ మాట విన్నాక నాకూ ఒక్క క్షణం అనుమానం వచ్చింది. వెంటనే గోడ మీద నీ కాగితం చూశాను. మనసు కుదుటపడింది. ఒడ్డున ఏదో దురదాకు మొలిచి ఉంటుంది. నీకు తెలిసిన మందేదైనా ఉంటే రాయి.

అక్క


ఆగస్టు 31

అక్కా,

నీళ్ల మీద అనుమానం పెట్టుకోకు. ఆ కాగితం మీదున్నది నా సంతకం. పిల్లలన్నాక ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. నర్సు చెప్పినట్టే చెయ్యి. పిచ్చుకని రెండు వారాలు ఆపి, తక్కినవాళ్లని దింపు. అందరినీ ఆపేస్తే తల్లులకి భయం పట్టుకుంటుంది, నువ్వు నాటిందంతా పోతుంది.

ఒక చిన్న విషయం. నిన్న పాత ఫారాలు సర్దుతుంటే నీది కనబడింది. "నమూనా ఎక్కడ తీశారు" అన్న గడిలో నేనే "స్కూలు వెనక, వంతెన కింద" అని రాశాను. అంతే కదా? రికార్డు కోసం అడుగుతున్నాను, కంగారేమీ లేదు.

బావగారికి నమస్కారాలు. పళ్లసెట్టు సంగతి నేను మరిచిపోయానని చెప్పు.

తమ్ముడు


సెప్టెంబరు 6

తమ్ముడూ,

అంతే కాదు.

ఆ గడి తప్పు. వంతెన కింద తీయలేదు. సీసా పట్టుకుని మీ బావా నేనూ పైకి నడిచాం. షెడ్డు దాటి, రాళ్లు దాటి, ఊట పుట్టేచోటికి. అక్కడ నీళ్లు తేటగా ఉంటాయి. మీ బావ కొత్త చేతిరుమాలు మడత పెట్టి రెండుసార్లు వడగట్టాను. వంతెన కింద నీళ్లలో పాచి, కాగితంముక్కలు కనబడుతున్నాయి. నీ ఆఫీసుకి, నలుగురి ముందుకి, అక్క పంపిన సీసా అలా వెళితే నీకు నామోషీ కాదా అనుకున్నాను. మనింట్లోంచి నీకేది పంపినా మంచిది ఏరి పంపడం అలవాటు. అది పరీక్షకి పంపే సీసా అని నా బుర్రకి ఎక్కలేదు. సైన్సు టీచర్ని నేను.

నీ ఉత్తరం రాకముందే ఇంకోటి జరిగింది. మీ బావ టీకొట్టు దగ్గర కూర్చుంటే షెడ్డు పనివాడొకడు గ్లాసు పట్టుకున్నాడు. వాడి కణుపుల మీద అవే గుంటలు. మీ బావ అడిగితే, "ఇవా, పూత తొట్టిలో చేతులు పెడితే అందరికీ వస్తాయి, నొప్పుండదు" అన్నాడట. ఆ తొట్లు కడిగిన నీళ్లు ఎటు పోతాయని అడిగితే, ఎటు పోతాయి, పల్లానికే పోతాయి అన్నాడు. మీ బావ టీ తాగకుండా ఇంటికొచ్చి నా ముందు నిలబడ్డారు.

మూడు సీసాలు పంపుతున్నాను. వంతెన కింద, మలుపు దగ్గర, షెడ్డు గొట్టం కింద. ఎక్కడిదో ఏదో కాగితం అంటించి రాశాను. వడగట్టలేదు.

ఇది నీకు చేరకముందే గంట ఆపేశాను.

అక్క


సెప్టెంబరు 15

అక్కా,

ఫోన్‌లో చెప్పింది నాలుగు ముక్కలే. మిగతాది ఇందులో రాస్తున్నాను.

క్రోమియం. పూత పనిలో వాడేది. ఉండదగినదానికి వంతెన కింద అరవై రెట్లు, గొట్టం కింద చెప్పనే అక్కర్లేదు. బంగారు రోజు అని పిల్లలు పేరు పెట్టిన పసుపు రంగు అదే. తొట్లు కడిగిన రోజు. చర్మం తినేస్తుంది, లోపలికి వెళితే మూత్రపిండాలని పట్టుకుంటుంది. ఇరవై రెండు మందికీ రక్తపరీక్ష చేయించు. గజ్జి మందు ఆపించు.

మొదట నీ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నీళ్లకి ముస్తాబు చేసి పంపిందని నీ మరదలితో అరిచాను. తను ఒక్కటే అడిగింది, "ఆవిడ టీచరు, మీ పనేమిటి?" అని. ఆ ఫారంలో పది గడులున్నాయక్కా. ముక్కూమొహం తెలియనివాడు సీసా తెస్తే పదీ అడుగుతాను, ఒక్కటి తప్పినా వెనక్కి పంపుతాను. నీ సీసాకి మాత్రం పదీ నేనే నింపాను. అక్క కదా అని. పోనీ గజ్జి అన్నప్పుడైనా ఆలోచించానా? "తక్కినవాళ్లని దింపు" అని రాశాను. ఆ ఉత్తరం దయచేసి దాచిపెట్టు, చింపకు. నాకు కావాలి.

నిన్న మా పై అధికారికి అంతా రాసిచ్చాను. గోడ మీద పటం తీసెయ్యి.

తమ్ముడు


అక్టోబరు 19

తమ్ముడూ,

పటం తీసేశాను. లాభం లేకపోయింది.

తల్లిదండ్రుల మీటింగు జరిగింది. పంచాయతీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. షెడ్డాయన తెల్లచొక్కా వేసుకొచ్చి, ముందు పిల్లల కృతజ్ఞతాపత్రం చదివాడు, తర్వాత నీ రిపోర్టు తీశాడు. "జూన్‌లో నా షెడ్డు నడుస్తూనే ఉంది. జూన్‌లోనే ఇదిగో, వంతెన కింద, యోగ్యం. ముద్ర ఉంది. ఇప్పుడు కాదంటున్నదీ ఈ సంతకమే. ఏది నమ్మమంటారు?" అన్నాడు. నేను లేచి ఊట సంగతి చెప్పాను. సగం మంది నవ్వారు, సగం మంది ఏడ్చారు. ఆఫీసాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పరీక్ష చేసిన లాబే ఏదో ఒకటి తేల్చుకోవాలి అని రాసుకుని వెళ్లిపోయాడు. షెడ్డు నడుస్తోంది. అక్కడ పనిచేసే తండ్రులు మీటింగులో నోరు విప్పలేదు.

ప్రహరీగోడ ఇంకో మూడడుగులు లేపారు. నన్ను సెలవు పెట్టుకోమన్నారు, ఎలాగూ రిటైరవడానికి ఇంకో ఐదు నెలలే కదా అన్నారు. రక్తపరీక్షల్లో ఆరుగురికి బాగాలేదు. పిచ్చుకకి మూత్రంలో కూడా తేడా కనబడింది. మందులిచ్చారు. ఇక ఆ నీళ్లు తగలకుండా ఉంటే కుదురుకోవచ్చు, తగిలితే మాత్రం చెప్పలేం అన్నాడు డాక్టరు.

అసలు గొడవ ఇక్కడే ఉంది. ఆ పిల్ల ఆగడం లేదు. గోడ చుట్టూ తిరిగి వెళుతోంది. వాళ్లమ్మ కొట్టింది, గదిలో పెట్టి గడియ వేసింది. కిటికీలోంచి దూకి వెళ్లింది. నేను వెళ్లి పట్టుకుని అడిగితే, "దానికి జబ్బు చేసింది కదా టీచర్, మీరే కదా చెప్పారు, వట్టి మాట చెల్లదని. అందరూ వదిలేస్తే ఎలా?" అని, కట్టు కట్టిన చేతులతోనే కాగితాలు ఏరుతోంది. నేను చెప్పిన పాఠమే అది.

అక్క


నవంబరు 2

అక్కా,

నన్ను సీసాలు కడిగే గదికి మార్చారు. విచారణ అయ్యేదాకా సంతకం పెట్టే అధికారం లేదు. రెండో రిపోర్టు చెల్లదని నిన్న తేల్చారు, రాసినవాడి మీదే ఆరోపణ ఉంది కాబట్టి. కొత్త నమూనా వాళ్లే తీస్తారట, వచ్చే ఏడు.

అవన్నీ పోనీ. ఆ పిల్లని ఆపు. ఒక్కసారి తగిలినా లోపలికి వెళ్లేది లెక్కలోకి వస్తుంది. భయపెట్టు, బతిమాలు, తిట్టు. వాళ్లమ్మ వల్ల కాలేదంటే ఇక నీ మాట ఒక్కటే ఆ పిల్ల వినేది. ఏం చెబుతావో నాకు తెలియదు. ఏదైనా సరే చెప్పు.

తమ్ముడు


నవంబరు 24

తమ్ముడూ,

చెప్పాను.

నువ్వు రాసినవన్నీ చేసి చూశాను. చచ్చిపోతావన్నాను, భయపడలేదు. బతిమాలితే నన్నే ఓదార్చింది. ఇక ఒకే దారి మిగిలింది. రెండు వారాల కిందట, సోమవారం, వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ మిషను ఆపి లోపలికి వెళ్లిపోయింది, నాతో మాట్లాడదు. పిచ్చుక గుమ్మంలో కూర్చుని ఉంది.

"వాగుకి నువ్వెవరో తెలీదే" అన్నాను. "అది నీళ్లు. పల్లం ఎటుంటే అటు పోతుంది. మనం థాంక్స్ చెప్పినా, తిట్టినా ఒకటే. దానికి జబ్బూ లేదు, బాధా లేదు. అదంతా నేను కల్పించి చెప్పాను."

"ఎందుకు?" అంది.

"ఆఖరి గంట ఖాళీగా ఉంది. మీ చేత చెత్త ఎత్తించాలి. ఊరికే ఎత్తమంటే ఎత్తరు కదా, అందుకని."

అబద్ధమాడితే నాకు నవ్వొస్తుందని నువ్వనేవాడివి. నవ్వు రాలేదు. కళ్లల్లోకి చూసి చెప్పాను. ఆ పిల్ల చాలాసేపు తన చేతులు చూసుకుంది. "మరి మీరు ఆ రోజు ఏడ్చారు" అంది. దుమ్ము పడిందన్నాను. తలూపింది. లేచి లోపలికి వెళ్లి తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. విసిరికొట్టినా బాగుండేది.

ఆ రోజు నించీ వాగు దగ్గరికి వెళ్లలేదు. ఈ రెండు వారాల్లోనే మూత్రపరీక్ష మెరుగుపడింది, డాక్టరు సంతోషించాడు. నువ్వూ సంతోషించు, ఆ పిల్ల బతుకుతుంది.

నిన్న బజారుకి వెళుతూ చూశాను. పిల్లలందరూ స్కూలు నుంచి వంతెన మీదుగా వస్తున్నారు, మధ్యలో పిచ్చుక. ఏదో తింటోంది. నన్ను చూసింది. చూసి, చేతిలో కాగితం ఉండచుట్టి, వంతెన పిట్టగోడ మీంచి నీళ్లలోకి విసిరింది. కోపంగా కాదు. ఎక్కడ పారేయాలో అక్కడ పారేసినట్టు. తక్కినవాళ్లూ విసిరారు.

కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను.

అక్క